వృషభ రాశివారి తమ్ముడు

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇతరుల తప్పులు దిద్దుతూ బతికిన మనిషి, ఆ మంగళవారం ఉదయం తెలిసి తెలిసి ఒక తప్పు చేద్దామని ఇంట్లోంచి బయల్దేరాడు. పెద్ద తప్పేమీ కాదు. తను పనిచేసే వారపత్రికలో రాశిఫలాల పేజీని ఒకే ఒక్క కాపీలో మార్చి అచ్చు వేయించాలి. బుధవారం పొద్దున ఆ కాపీ అక్క చేతిలో పెట్టాలి. గురువారం అక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అంతే.

ఆఫీసులో అతన్ని అందరూ కామా గారంటారు. ప్రూఫ్ రీడరు కాబట్టి కాదు, మాట మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాడు కాబట్టి. నోటిదాకా వచ్చిన వాక్యాన్ని లోపలే దిద్దుకుంటాడు. దిద్దడం పూర్తయ్యేసరికి ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోయి ఉంటారు. ఒకప్పుడు పెళ్ళి కూడా అలాగే తప్పిపోయిందంటారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. అతనూ, భర్త పోయాక పన్నెండేళ్ళ క్రితం తమ్ముడి దగ్గరికి వచ్చేసిన అక్కా. "ఉప్పు సరిపోయిందా?" అని అక్క అడిగితే తలాడిస్తాడు. సరిపోయిందనా, లేదనా అన్నది అక్కే తేల్చుకోవాలి.

ఐదు నెలల క్రితం అక్క మెడ పక్కన ఒక గడ్డ కనిపించింది. అప్పుడు చొక్కా బొత్తామంత ఉండేది. ఇప్పుడు నిమ్మకాయంత అయింది. తీసి పరీక్షకు పంపాలన్నారు డాక్టర్లు. అక్క మాత్రం "ఈ వారం బాలేదురా, చూద్దాం" అంటూ దాటేస్తోంది. తమ్ముడికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఆ సంగతి అక్కకు చెప్పడానికి మంచి వాక్యం దొరకడం లేదు.

నిజానికి వారం బాగుందో లేదో చెప్పేది ఎవరో కాదు, అతనే. ఏడేళ్ళ క్రితం పత్రిక జ్యోతిష్కుడు కాలం చేసినప్పుడు, "ఇంకొకరు దొరికేదాకా పాతవే అటూ ఇటూ మార్చి వేసెయ్యండి" అన్నారు పైవాళ్ళు. ఇంకొకరు దొరకలేదు, ఎవరూ వెతకలేదు. అప్పట్నుంచీ పన్నెండు రాశుల తలరాతా కామా గారి ఎర్ర కలంలోనే ఉంది. పదకొండు రాశులకు పాతవే తిప్పి తిప్పి వేసేవాడు. వృషభానికి మాత్రం ప్రతివారం కొత్తగా రాసేవాడు. అది అక్క రాశి. "చలిగాలిలో తిరగరాదు." "మందులు వేళకు వేసుకోవాలి." "ఆదివారం పార్కుదాకా నడిస్తే మనశ్శాంతి." ఆ పుణ్యమా అని ఊళ్ళో వృషభ రాశివాళ్ళంతా ఏడేళ్ళుగా ఆరోగ్యంగా ఉన్నారు. గడ్డ కనిపించాక మూడు నెలలపాటు వారం వారం "వైద్యం విషయంలో జాప్యం తగదు" అని రాశాడు. అక్క చదివేది, పేపరు మడిచేది, వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఈలోగా ఆఫీసుకు కొత్త మేనేజరు వచ్చాడు. మూడు నెలలు అమెరికాలో శిక్షణ పొంది వచ్చిన మనిషి. ఏ మాటైనా "అక్కడైతే" అని మొదలుపెడతాడు కాబట్టి మొదటి వారంలోనే ఆయన పేరు అక్కడైతే గారు అయిపోయింది. "అక్కడైతే ఎవరూ ఎవర్నీ సార్ అనరు. నన్ను పేరు పెట్టి పిలవండి" అన్నాడు. సార్ అనడం మానేశారు గానీ పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ చాల్లేదు. అప్పట్నుంచీ ఆయన్ని పిలవాలంటే దగ్గుతున్నారు.

ఆయన రాగానే రాశిఫలాలు కూడా అమెరికావి తెప్పించాడు. అక్కడ ఎవరో పెద్దావిడ రాస్తుందట, నలభై దేశాల్లో చదువుతారట. పుట్టిన తేదీని బట్టి రాశి. ఆ లెక్కన అక్క రాత్రికి రాత్రి వృషభం నుంచి తులకు మారిపోయింది. "గ్యారేజీ సర్దుకోవడానికి అనుకూల సమయం. పెంపుడు కుక్క విషయంలో మాజీ భర్తతో రాజీ పడండి" అని ఉంది మొదటివారం.

"నాకున్నదే ఒక్క మొగుడు, ఆయనా పోయాడు" అంది అక్క కళ్ళజోడు సర్దుకుంటూ. "మాజీ అంటే ఆయన్నేనంటావా? కుక్కంటే ఆయనకి మహా భయంరా."

తమ్ముడు నవ్వాడు. ఇంకేదో అందామనుకునేసరికి అక్క గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది.

రెండు నెలల తర్వాత, ఆ మంగళవారమే, అసలు గొడవ గ్రహణంతో వచ్చింది. శుక్రవారం సంపూర్ణ సూర్యగ్రహణం. పత్రిక మొదటి పేజీ అంతా అదే. టీ తాగుతూ అచ్చు యంత్రం మేస్త్రీ గట్టిగా దగ్గి, "గ్రహణం మనకి కనబడుద్దా అండీ?" అని అడిగాడు.

"కనబడదు. అమెరికాలోనే కనబడుతుంది. అప్పుడు మనకి రాత్రి" అన్నాడు అక్కడైతే గారు.

"మరి మనకి కనబడని గ్రహణం మనకెందుకండీ?"

"అక్కడైతే జనం వందల మైళ్ళు కార్లేసుకుని వెళ్ళి చూస్తారయ్యా. నల్ల కళ్ళజోళ్ళు అమ్ముతారు, టీషర్టులు అమ్ముతారు. మనవాళ్ళకి ఆకాశమంటే ఆసక్తి లేదు."

"ఆసక్తి ఉన్నా రాత్రిపూట సూర్యుణ్ణి ఎక్కడ చూస్తామండీ?" అన్నాడు మేస్త్రీ. అక్కడైతే గారు జాలిగా చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

కామా గారు ఆ మాటలేవీ వినడం లేదు. చేతిలో ముందురోజే అమెరికా ఆవిడ పంపిన కాగితం ఉంది. తుల: "గ్రహణం వెళ్ళేదాకా మీ శరీరం జోలికి ఎవరినీ రానివ్వకండి." పెద్ద డాక్టరు ఊరికి వచ్చేది నెలకొక్క గురువారం. ఈ గురువారం తప్పితే మళ్ళీ నెల. నిమ్మకాయ నెల్లాళ్ళలో ఎంతవుతుందో అతనికి తలుచుకోవాలంటేనే భయం వేసింది. మూల కుర్చీలో కూర్చుని, జన్మలో మొదటిసారి కొట్టివేతలు లేకుండా రాశాడు:

"ఐదు నెలలుగా వాయిదా వేస్తున్నది ఇక వాయిదా వేయవద్దు. గురువారం ఉదయం తొమ్మిదికి పెద్దాసుపత్రికి వెళ్ళండి. మీ తమ్ముడు వెంట వస్తాడు. అతనికి చాలా భయంగా ఉంది, పైకి చెప్పడు."

అక్క ఏ లెక్క నమ్ముతుందో తెలియక వృషభానికీ అదే పెట్టాడు, తులకూ అదే పెట్టాడు. పేజీ తయారు చేయించి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాడు. "ముందు ఇది ఒక్క కాపీ. తర్వాత అసలుది," అని ఆగాడు.

"ఒక్క కాపీయేగా, అక్కడ పెట్టండి. భోంచేసొచ్చి వేసేస్తా" అన్నాడు మేస్త్రీ.

అక్కడ పెట్టబోతూ కామా గారు చేసిన పని ఒక్కటే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి పేజీ కింద చేసే పని. ఎర్ర కలంతో సంతకం పెట్టాడు. పక్కనే ఉన్న అసలు పేజీకి ఇంకా పెట్టలేదు. ఆ ఆఫీసులో కామా గారి సంతకం ఉన్న పేజీయే అచ్చుకు వెళుతుంది, లేనిది చెత్తబుట్టకు వెళుతుంది. ఇందులో ఎవరూ ఎవర్నీ అడిగేది లేదు. భోంచేసి వచ్చేసరికి ఒక్క కాపీ మాట మరిచిపోయిన మేస్త్రీ రెండు పేజీలూ చూశాడు. సంతకం ఉన్నదాన్ని యంత్రమెక్కించి, లేనిదాంతో చేతులు తుడుచుకున్నాడు. పద్దెనిమిది వేల కాపీలు పడ్డాయి.

బుధవారం పొద్దున అక్క ఆ పేజీని చాలాసేపు చదివింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివింది. "తొమ్మిదికి కదూ?" అంది. తమ్ముడు తలాడించాడు. ఈసారి అర్థం స్పష్టంగానే ఉంది.

గురువారం ఆసుపత్రి గేటు దగ్గరికి రాగానే కామా గారి కాళ్ళు ఆగిపోయాయి. మెట్ల మీద, వరండాలో, సైకిలు స్టాండులో, ఎక్కడ చూసినా జనం. ఇసకేస్తే రాలనంత మంది. అందరి చేతుల్లోనూ పేపరు. అందరి పక్కనా ఒక తమ్ముడు.

"ఒరే, నీకు చాలా భయంగా ఉందట గదరా!" అని ఒకాయన తమ్ముణ్ణి వాటేసుకుంటున్నాడు.

"నాకేం భయం? వదులన్నయ్యా!"

"పైకి చెప్పవట గదా!"

ఆరేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు ఒకే బల్ల మీద కూర్చుని ముక్కులు చీదుకుంటున్నారు. తమ్ముడు లేని ఒకావిడ పక్కింటాయన్ని బతిమాలి తెచ్చుకుంది. టోకెన్లిచ్చే నర్సు గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"ఏంటి మీ బాధ?"

"తెలీదమ్మా. మీరే చెప్పాలి."

"తెలీకుండా ఎందుకొచ్చారు?"

"తులారాశమ్మా!"

ఇంతలో అక్కడైతే గారు ఆయాసపడుతూ గేట్లోంచి వచ్చాడు. "ఎవడు మార్చాడు? అక్కడైతే ఈ పాటికి జైల్లో ఉండేవాడు!" అని అరవబోయాడు గానీ, ఒక ముసలాయన ఆయన్ని తన తమ్ముడనుకుని చెయ్యి పట్టేసుకున్నాడు. ఆ చెయ్యి విడిపించుకోవడానికే మధ్యాహ్నమైంది.

అక్కకు దొరికిన టోకెను రెండు వందల పద్నాలుగు. గోడకానుకుని కూర్చుంది. కామా గారు పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

"అక్కా, ఈ పేపరు," అన్నాడు.

"నువ్వే రాశావు. నాకు తెలుసు. కూర్చో."

అతను కూర్చున్నాడు.

"ఆ జ్యోతిష్కుడు చనిపోయిన వారం నుంచే తెలుసురా. ఆయన ఏడాదికి పన్నెండుసార్లు విదేశయానం రాసేవాడు. ఉన్నట్టుండి 'మోకాళ్ళకి నూనె రాసుకోవాలి' అని పడితే తెలీదూ? నువ్వు ఇంట్లో మాట్లాడవు. సరేలే, పేపర్లోనైనా మాట్లాడుతున్నాడు కదా అని వారం వారం చదువుకునేదాన్ని. ఉత్తరం వచ్చినట్టుండేది."

"మరి మూడు నెలలు రాశాను కదా, వెళ్ళమని,"

"రాశావు. ఊరందరికీ రాసినట్టు రాశావు." అక్క చీర చెంగుతో మెడ కప్పుకుంది. "నాకూ భయమేసిందిరా. నువ్వు పక్కన కూర్చుని ఒక్కసారి నోటితో అడుగుతావేమో, అప్పుడు వెళ్దాంలే అని చూశాను. అదిగో అడుగుతాడు, ఇదిగో అడుగుతాడు అని చూసి చూసి, ఇదిగో, ఇంతయింది."

కామా గారికి కళ్ళ ముందు జనం మసకబారిపోయారు. ఐదు నెలలూ తను వెతికిన వాక్యం ఏమిటో, అది ఎంత పొట్టిదో అప్పుడు తెలిసింది.

"అక్కా, పద" అన్నాడు.

"ఎక్కడికిరా? ఇంకా నూట ఎనభై మంది ఉన్నారు" అంది అక్క నవ్వుతూ. కానీ లేచి అతని చెయ్యి పట్టుకుంది. వాళ్ళ వంతు వచ్చేదాకా వదల్లేదు.

సాయంత్రం నాలుగింటికి పెద్ద డాక్టరు గడ్డను తడిమి చూశాడు. "ఐదు నెలల క్రితం వచ్చుంటే..." అని ఆగిపోయాడు. ఆగిపోయిన వాక్యాలను పూర్తి చేయడమే కామా గారి ఉద్యోగం. ఆ ఒక్కదాన్నీ అలాగే వదిలేశాడు.

ఆ రోజు వచ్చిన మూడు వందల మందిలో ముగ్గురికి ప్రాణాంతకమైన జబ్బులు తొలిదశలోనే బయటపడ్డాయి. నయమయ్యాక ఆ ముగ్గురూ తమ్ముళ్ళతో, పూలదండలతో సహా పత్రికాఫీసుకొచ్చి, అమెరికా ఆవిడకి దండాలు చెప్పమన్నారు. అక్కడైతే గారు దండలన్నీ తనే వేయించుకుని, తమ రాత మార్చినందుకు అమెరికావాళ్ళు ఒప్పందం రద్దు చేసుకున్నారు కాబట్టి, రాశిఫలాలను మళ్ళీ కామా గారికే అప్పగించాడు.

అక్క ఎనిమిది నెలలు బతికింది. ఆ ఎనిమిది నెలలూ ఆ ఇంట్లో మాటలు ఆగలేదు. ఉప్పు తగ్గిందని ఒకరోజు, ఎక్కువైందని ఒకరోజు, చిన్నప్పుడు ఎవరు ఎవర్ని కొట్టారన్నది మరొకరోజు. "ఎన్నేళ్ళకి నోరు విప్పావురా, ఇక మూసెయ్యి, నిద్రపోనీ" అని అక్క చివరి రోజుల్లో విసుక్కుంది. ఆ విసుగు కోసం అతను ఇంకో ముప్ఫై ఏళ్ళు మాట్లాడి ఉండేవాడు.

ఇప్పుడు వారం వారం పదకొండు రాశులకు పాతవే తిప్పి వేస్తాడు. వృషభం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోతుంది. "ఈ వారం విశేషాలేమీ లేవు" అని రాసి, కింద సంతకం పెడతాడు.

రాశిఫలాలు ఇంత కచ్చితంగా ఎప్పుడూ నిజం కాలేదని వృషభ రాశివాళ్ళు ఉత్తరాలు రాస్తున్నారు.