కట్ట మీద చెట్టు, దాని హక్కులు

లోకంలో మట్టితో కట్టినదేదైనా ఒకనాటికి మట్టిలో కలవక తప్పదు. మా ఐన్ బల్లూత ఊరి కట్ట మాత్రం కలవదు, ఎందుకంటే దానికి నేనున్నాను. కట్టి ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆ కట్టకు లరూసి అనే నా చేతి వల్ల మేలే తప్ప వీసమెత్తు కీడు జరగలేదు. ఈ మాట రాతపూర్వకంగా చెబుతున్నాను. కాదనేవారు నాలుగు ప్రతులలో కాదనవచ్చు.

సిలియానా కొండల్లో ఇలాంటి మట్టికట్టలు చాలా ఉన్నాయి. రెండు గుట్టల నడుమ వాగుకు అడ్డంగా మట్టి పోసి, రోలరుతో తొక్కించి, ఎక్కువైన నీరు పొర్లిపోవడానికి పక్కన అలుగు, కావలసినప్పుడు వదలడానికి అడుగున తూము పెట్టి, రిబ్బను కత్తిరించి వెళ్ళిపోతారు. రిబ్బను కత్తిరించడానికి వచ్చినవారు మళ్ళీ రారు. (కత్తెర కూడా తిరిగి రాలేదు. అది మా పాఠశాలది.)

కట్టకు దిగువన మొదటి ఇల్లు మా మబర్కా వదినది. మా పినతండ్రి కొడుకు భార్య. అతను పోయాక ఒక్కతే ఉంటోంది: ఒక రొట్టెల పొయ్యి, పదకొండు కోళ్ళు, కాస్త మిరప మడి. కట్ట కట్టిన రోజుల్లో తట్టలతో మట్టి మోసినవాళ్ళలో ఆవిడ కూడా ఉంది. ఈ ఏప్రిల్లో ఒకనాడు రొట్టె ఇస్తూ నాతో అంది:

"మరిదీ, కట్టకు చెమట పడుతోందయ్యా."

"ఎండలు ముదిరాయి కదా వదినా, ఎవరికి పట్టదు?" అన్నాను.

"నీకు పట్టదు. పని చేస్తే కదా."

వెళ్ళి చూశాను. కట్ట బయటి వాలు మీద, ఆలివ్ చెట్టు మొదట్లో, రొట్టెంత తడి. ఆ నీటిని వదిన రోజూ పొద్దున్నే టీ గ్లాసులో పట్టి గోడ మీద పెడుతుంది. పొయ్యిలో రొట్టె కాలేలోపు గ్లాసు అడుగు చూస్తుంది. తేటగా ఉంటే కట్ట నీళ్ళను మాత్రమే వదులుతోందన్నమాట. అడుగున మట్టి పేరితే కట్ట తనను తానే వదులుకుంటోందన్నమాట. అలా మొదలైన తడి కట్టలో కన్నం చేసి బుంగ అవుతుంది, బుంగ గండి అవుతుంది, గండి మబర్కా వదిన ఇంటి మీదుగా పోతుంది.

బాధ్యతగల పౌరుణ్ణి కాబట్టి చిన్నకట్టల క్షేమ విభాగానికి వెళ్ళాను. అక్కడ కిటికీ వెనక షాదలీ అనే ఆయన ఉంటాడు.

"కట్ట తెగిందా?" అని అడిగాడు.

"ఇంకా లేదండీ."

"మరి ఇక్కడికెందుకొచ్చావు పెద్దాయనా? ఇది తెగినవాటి కిటికీ. తెగబోయేవాటికి కిటికీ లేదు."

"ఎందుకు లేదు?"

"తెగబోయేవి ఎన్నో ఎవరికి తెలుసు? లెక్క తేలని పనికి కుర్చీ ఎలా వేస్తాం చెప్పు?"

అందులో న్యాయం ఉంది. అయినా ఆ తడి చోటును తీయించిన ఫోటో ఇచ్చాను. ఆయన అద్దాలు సర్దుకుని చూసి, "ఇదేమిటి?" అన్నాడు.

"చెట్టు."

"ఏం చెట్టు?"

"ఆలివ్."

షాదలీ లేచి నిలబడ్డాడు. (ఆయనకు కాళ్ళున్న సంగతి ఆ ఆఫీసులో చాలామందికి ఆ రోజే తెలిసింది.) విషయం ఇదట: నిబంధన ప్రకారం కట్ట మీద చెట్టు ఉండరాదు. ఉంటే అది కట్ట కాదు, తోట. తోటను ఈ విభాగం తనిఖీ చేయదు. ముందు చెట్టును తీసేస్తే అది మళ్ళీ కట్ట అవుతుంది, అప్పుడు రావచ్చు. అయితే ఆలివ్ చెట్టును పెకలించడం నేరం. దానికి ఎదురు వీధిలోని ఆలివ్ వృక్ష గౌరవ కార్యాలయం అనుమతి కావాలి.

ఎదురు వీధికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా ఒకే ప్రశ్న వేసింది:

"తాతా, అది అడవి ఆలివా, అంటు ఆలివా? అడవిదైతే పొద. ఈ సాయంత్రమే గొడ్డలి పెట్టెయ్. అంటుదైతే మాత్రం దానికి మా దగ్గర పుస్తకం ఉంటుంది."

ఇక్కడ పాఠకులు దయచేసి వెనక్కి వెళ్ళి మొదటి పేరా కొట్టేయాలి.

కట్ట కట్టే రోజుల్లో కూలీలంతా మధ్యాహ్నం రొట్టె, ఆలివ్‌లు తిని గింజలు అక్కడే ఉమ్మేవారు. వాటిలో ఒకటి మొలిచింది. గింజ నుంచి మొలిచేది అడవి ఆలివే. కాయ చిన్నది, చేదు. మా కొండల్లో ఒక జబ్బు ఉంది: అడవి ఆలివ్ కనబడితే అంటు కట్టకుండా దాటిపోయిన మగాడు ఇంతవరకు పుట్టలేదు. పెళ్ళికి పోతున్నా, పీనుగ వెంట పోతున్నా ఆగి, జేబులోంచి కత్తి తీస్తాడు. ఇరవై ఆరేళ్ళ కిందట నేనూ ఆగాను. మంచి కొమ్మ తెచ్చి, చీల్చి, కట్టి, తడి మట్టి మెత్తాను. పొదగా పుట్టినదాన్ని నా చేతులతో పౌరుణ్ణి చేశాను. దాని వేళ్ళు కట్ట గుండెదాకా దిగాయి. వేరు పోయిన దారినే నీరూ వస్తోంది.

"అంటుదేనమ్మా," అన్నాను. "కట్టినవాడు దుర్మార్గుడు."

అమ్మాయి రాసుకుంది. అనుమతికి మూడు కావాలట. ఒకటి, చెట్టు యజమాని సంతకం. (నేల ప్రభుత్వానిది, చెట్టు నాది, నీడ మేకలది.) రెండు, ఈ ఏటి కాయ కోసేదాకా ఆగడం. మూడు, చెట్టు వల్ల కట్టకు హాని జరుగుతోందనడానికి రుజువు, అంటే గండి పడినట్టు ధ్రువపత్రం.

"గండి పడితే చెట్టు కూడా కొట్టుకుపోతుంది కదమ్మా?"

"అప్పుడిక అనుమతే అక్కర్లేదు తాతా. చూశావా, చట్టంలో ప్రతిదానికీ దారుంటుంది."

ఈ శుభవార్త తెచ్చి మబర్కా వదినకు చెప్పాను. ఆవిడ పిండి పిసుకుతూ విని, "మరి కొట్టుకుపోవడానికి నాకేమైనా అనుమతి కావాలా?" అంది.

"కనుక్కుంటాను వదినా."

"కనుక్కో. కోళ్ళకు కూడా కలిపి అడుగు, మళ్ళీ రెండోసారి తిరగక్కర్లేకుండా."

సెప్టెంబరులో కళ్ళాలు కడిగే వాన వచ్చింది. ఏటా కుప్పనూర్పిళ్ళయ్యాక మొదట కురిసేదాన్ని మేం అలాగే అంటాం. ఈసారి అది కళ్ళాలతో ఆగలేదు. ఒక్క రోజులో కట్ట వెనక నీరు నిలువెత్తు పెరిగింది. మూడోనాడు పొద్దున మేం కాఫీ దుకాణంలో పేకాడుతుంటే వదిన తిన్నగా లోపలికొచ్చి, మా ముక్కల మధ్యన టీ గ్లాసు పెట్టింది. ఆ దుకాణంలోకి ఆడమనిషి రావడం అదే మొదలు.

"ఎవరూ కదలకండి. పావుగంట చూడండి," అంది.

చూశాం. ఎర్రటి మట్టి మెల్లగా దిగి, అడుగున వేలెడు మందాన పేరింది.

"టీ ఆకేమో," అన్నాను, గంభీరంగా.

"అవును మరిదీ. నీ అంటు చెట్టు కింద టీ తోట కూడా ఉంది, తెలీదా?"

ఎవరూ నవ్వలేదు. సరిగ్గా అప్పుడే దుకాణం ముందు ఒక ప్రభుత్వ కారు ఆగింది. అందులోంచి ఇంజినీరు బదర్ దిగాడు. ఈ మాట జాగ్రత్తగా చదవండి: దిగాడు. అద్దం దించి అడగలేదు. కట్ట దాకా నడిచాడు. తడిలో మోకాళ్ళ మీద కూర్చుని బుంగలో చెయ్యి పెట్టాడు. తర్వాత దిగువనున్న ఇంటికేసి చూసి, మమ్మల్ని చూశాడు.

"చెట్టు జోలికి పోకండి," అన్నాడు. "ఇప్పుడు పీకితే బుంగ తలుపు మీరే తీసినట్టు. బుంగకు బిరడా కూడా కొట్టకండి, నీరు ఇంకోచోట పొడుచుకొస్తుంది. పైన ముందు ఇసుక పోయండి, దాని మీద సన్న కంకర, దాని మీద రాళ్ళు. నీరు పోవాలి, మట్టి ఆగాలి. వెనక నీరు తగ్గించండి. తూము తిప్పండి."

"తూము చక్రం ఊడదీసి ఆఫీసులో భద్రపరిచారండీ," అన్నాను. "దొంగలు తిప్పుతారని."

"సరే, అలుగు మీద ఆ రాళ్ళేమిటి?"

అందరం ఆకాశం చూశాం. ఏటా కాస్త ఎక్కువ నీరు నిలుస్తుందని ప్రతి రైతూ అలుగు మీద ఒక్క రాయి పెడతాడు. ఒక్కటే. అది ఇప్పుడు నడుమెత్తు గోడ.

"ఎవరి రాయి వాళ్ళు తీసుకెళ్ళండి," అన్నాడు. "ఊళ్ళో ఉన్న మోటార్లన్నీ పెట్టి నీళ్ళు తోడండి."

అతను చెప్పే ప్రతి మాటకూ మబర్కా వదిన తల ఊపుతూనే ఉంది, ముందే విన్నట్టు.

మూడు రోజులు చేశాం. గాడిదలు ఇసుక మోశాయి, ఆడవాళ్ళు జల్లెళ్ళతో కంకర జల్లించారు, మోటార్లు పొలాలకూ, తోటలకూ, శ్మశానానికీ నీళ్ళు పెట్టాయి. ఆ మూడు రోజుల్లో మా ఊళ్ళో తడవనిది ఆఫీసు స్టాంపు ఒక్కటే. నాలుగో పొద్దున వదిన గ్లాసు తేటపడింది.

నెల తర్వాత చిన్నకట్టల క్షేమ విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. భారీ వర్షాలకు సైతం ఐన్ బల్లూత కట్ట చెక్కుచెదరలేదని, ఫోటోను పరిశీలించగా కట్ట మీదున్న ఆలివ్ చెట్టు వేళ్ళు మట్టిని పట్టి ఉంచడమే కారణమని తేలిందని, కావున జిల్లాలోని మిగతా ఇరవై రెండు కట్టల మీద ఒక్కొక్కదానికి ఆరేసి అంటు ఆలివ్‌లు పెంచవలెనని. అంటు కట్టడంలో అనుభవజ్ఞుడిగా నా పేరు సూచించారు. కత్తి నూరుకుని రమ్మన్నారు. ఇంకా జవాబు రాయలేదు; కత్తి మాత్రం, ఎందుకైనా మంచిదని, వదిన తీసుకుని దాచింది.

ఇంత చెప్పాక ఒక నిజం ఒప్పుకోవాలి. షాదలీ ఉన్నాడు, ఉత్తరం ఉంది, అలుగు మీద నా రాయి కూడా ఉండేది. ఇంజినీరు బదర్ మాత్రం నా కల్పన. ఆ పొద్దున దుకాణం ముందు ఏ కారూ ఆగలేదు. ఇసుక, కంకర, రాళ్ళు, అలుగు, ఆ మాటలన్నీ మబర్కా వదినవి. ఏప్రిల్ నుంచి ఊరందరికీ చెబుతూనే ఉంది. ఇంజినీరు నోట పెడితే తప్ప మీరు నమ్మరని అలా రాశాను. గ్లాసులో మట్టి పేరేదాకా మేం మాత్రం నమ్మామా? ఆవిడకు కారు లేదు, స్టాంపు లేదు, చదువు లేదు. ఉన్నదల్లా కట్ట కింద ఒక ఇల్లు.