ఖాళీ కానన్న బీరువా

జిల్లా కార్యాలయంలో కొత్త అర్జీల సాఫ్ట్‌వేరును పరీక్షించడం కోసం నూకరత్నాన్ని బీరువాగా నియమించారు. ఇందులో వింతేమీ లేదు. సాఫ్ట్‌వేరు రాసేవాళ్లు తమ ప్రోగ్రామును అసలు రికార్డుల మీద పరీక్షించరు. పొరపాటున అవి చెరిగిపోతే ఎవరు సమాధానం చెప్పుకుంటారు? అందుకని ఒక ఉత్తుత్తి డిస్కు కట్టుకుంటారు. అందులో ఉత్తుత్తి ఫైళ్లు పెట్టి, తీసి, పరీక్ష అయిపోగానే అంతా తుడిచేస్తారు. కంపెనీల్లో ఆ డిస్కు కంప్యూటరు లోపలే ఉంటుంది. ఇది ప్రభుత్వం పని కాబట్టి దానికో పోస్టు మంజూరైంది.

పోస్టుకి చాలామందే వచ్చారు. ఇంటర్వ్యూలో అందరికీ ఒక అర్జీ చదివి వినిపించి, టీ ఇచ్చి, అందులో ఏముందో చెప్పమన్నారు. డిగ్రీలున్నవాళ్లు గడగడా అప్పజెప్పి ఇంటిముఖం పట్టారు. నూకరత్నం మాత్రం "ఏ అర్జీ అండి?" అంది. ఆమె అంతకుముందు చీరల కొట్లో పనిచేసింది. పొద్దస్తమానం చీరలు విప్పి చూపించడం, ఒక్కటీ కొనకుండా లేచి వెళ్లిపోయినవాళ్ల వెనక మళ్లీ మడతలు పెట్టుకోవడం. ఆ మొహాలు గుర్తుపెట్టుకుంటే మర్నాడు నవ్వుతూ "రండమ్మా" అనలేం. మరిచిపోవడం ఆమెకి ఆ కొట్లోనే అలవాటైంది.

ఉద్యోగం తేలికే. మెళ్లో నంబరు బిళ్ల వేసుకుని కూర్చోవాలి. తెర మీదికి అర్జీ రాగానే చదివి "అందింది, భద్రంగా ఉంది" అనాలి. ఇంజనీరు ఫణీంద్ర ఎర్ర చీటీ చూపిస్తే చోటున్నా "చోటు లేదు" అనాలి. పచ్చ చీటీ చూపిస్తే "చూసే అధికారం నీకు లేదు" అనాలి. అసలు రికార్డు గదిలో ఇవన్నీ వాటంతటవే జరుగుతాయి గానీ, పరీక్ష కోసం కావాలని అడిగినప్పుడు జరగవు. సాయంత్రం ఫణీంద్ర "ఖాళీ" అనగానే తల ఒకసారి విదిలించి అంతా మరిచిపోవాలి. అర్జీదారుల పేర్లు టెస్టు రావు, టెస్టు రావు భార్య, అఆఇఈ. వాళ్ల బాధలు మరిచిపోవడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు.

పరీక్షలన్నీ నెగ్గాయి. ఆ తర్వాత అసలు రికార్డు గదిని తగిలించి చూస్తే అన్నీ తప్పాయి. లోపల చెదలు, తాళంచెవి ఉన్న మనిషి సెలవులో. సూపరింటెండెంటు అచ్యుతరామయ్య గారు రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టుకుని, తప్పు రికార్డు గదిదేనని తేల్చారు. గదికి శాశ్వతంగా తాళం వేయించారు. సాఫ్ట్‌వేరు జనంలోకి వెళ్లింది, బీరువా అలాగే ఉండిపోయింది. రోజూ సాయంత్రం ఖాళీ చేయడం కూడా అలాగే ఉండిపోయింది.

జనం సంతోషించారు. ఇదివరకు ఆరునెలలు తిరిగినా అందని జవాబు ఇప్పుడు అర్జీ పెట్టిన క్షణంలో అందుతోంది: భద్రంగా ఉంది. ఆ ఏడు ఉత్తమ కార్యాలయం బహుమతి వాళ్లకే వచ్చింది.

ఒకరోజు లంక ఊరి బడి హెడ్మాస్టరు బులిరాజు, చెప్పులు గుమ్మం బయటే విడిచి, లోపలికొచ్చాడు.

"బీరువా గారు మీరేనాండి?"

"ఆయ్, నేనేనండి."

"మా గోడ అర్జీ మీ దగ్గరే భద్రంగా ఉందంటున్నారండి. మూడో తరగతి గోడండి. లోపలికి ఒరిగిపోయింది. పిల్లలు దాని పక్కనే కూర్చుంటారు. నిన్న ఓ పిల్ల నెత్తిన పెచ్చు రాలి పడిందండి."

"ఎప్పుడు పెట్టారండి అర్జీ?"

"దసరా సెలవులైన కాణ్ణించి రోజూ పెడుతున్నానండి."

నూకరత్నానికి ముందు సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఆ అర్జీ రోజూ చదివి ఉంటుంది. రోజూ గుండె గుభేలుమని ఉంటుంది. రోజూ సాయంత్రం తల విదిలించి ఇంటికి పోయి వంట చేసుకుని ఉంటుంది. చీరల కొట్లో తను మరిచిపోయింది పోయిన బేరాల్ని. ఇక్కడ తనచేత మరిపిస్తున్నది పిల్లల్ని.

సాయంత్రం ఫణీంద్ర "ఖాళీ" అన్నాడు.

"అవ్వను" అంది నూకరత్నం.

తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: ఖాళీగా ఉండవలసిన బీరువాలో ఒక గోడ ఉన్నది.

"అక్కా, ఒక్కసారి తల విదిలించు. పరీక్ష తప్పుతోంది."

"గోడ పడితే?"

"అది నా పరీక్షలో లేదక్కా."

అచ్యుతరామయ్య గారు వచ్చారు. "చూడమ్మా, బీరువాలు ఎదురు చెప్పవు."

"అలాగైతే ఇనప బీరువానే తెచ్చుకోవాల్సిందండి. నోరున్నదాన్ని తెచ్చుకుని నోరుమూసుకోమంటే ఎలాగండి?"

ఆయన రూల్సు తిరగేశారు. లోపల కాగితం ఉన్న బీరువాను తొలగించడానికి వీల్లేదు. ఆయన ఇంకా తిరగేస్తుండగానే నూకరత్నం లంకకి బస్సెక్కింది. తిన్నగా మూడో తరగతిలోకి వెళ్లి, ఒరిగిన గోడకి వీపు ఆనించి నిలబడింది. బీరువా గోడకి ఆని ఉండటం మామూలే కనుక ఆఫీసులో ఎవరూ తప్పుపట్టలేదు. బదిలీ ఉత్తర్వు వెనకాల పంపారు.

గోడ ఆగింది. ఆగింది కాబట్టి అర్జీ పరిష్కారమైనట్టు రాసి మూసేశారు. కొత్త గోడ సంగతేమిటని బులిరాజు అడిగితే, నిలబడి ఉన్న గోడ బదులు ఇంకో గోడ కట్టే పద్ధతి లేదన్నారు. నూకరత్నం వీపు కాయలు కాచింది. వీపుకన్నా ఎక్కువ మనసు మండింది. తను మోస్తున్నంతకాలం వీళ్లు కట్టరు. తన వీపునే గోడగా లెక్కేసుకున్నారు.

తనిఖీకి అచ్యుతరామయ్య గారూ ఫణీంద్రా వచ్చిన రోజున ఆమె బులిరాజును పిలిచింది. "మాస్టారూ, పిల్లల్ని బయటికి తీసుకుపొండి. ఒక్కళ్లు కూడా లోపల ఉండకూడదు."

పిల్లలు వెళ్లారు. ఆమె ఒకటికి రెండుసార్లు చూసుకుంది. గుమ్మం దగ్గరున్న ఇద్దరినీ వెనక్కి జరగమంది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నారు అచ్యుతరామయ్య గారు.

"తప్పుకుంటున్నానండి."

ఒక్క ఉరుకులో పక్కకొచ్చేసింది. గోడ దబ్బున పడింది. పిల్లలు కూర్చునే చోటంతా ఇటికలే. దుమ్ము తగ్గాక అచ్యుతరామయ్య గారు కళ్లజోడు తుడుచుకుని ఫణీంద్ర చేతిలోని తెర చూశారు. గోడ: భద్రంగా ఉంది. "బాగానే ఉందిగా" అన్నారు. గోడ పడిన సందులోంచి తమ జీపు ఎదురుగా కనిపిస్తున్నా, వరండా చుట్టూ తిరిగి మరీ వెళ్లారు. ఫణీంద్ర ఒక్క క్షణం ఆగి, గోడ ఉండాల్సిన చోట గాలిని చేత్తో తడిమి, తలొంచుకుని ఆయన వెనకే వెళ్లాడు.

మర్నాటి నుంచి పిల్లలు నేరుగా గోడలోంచే బడికి వచ్చేవారు. ప్రభుత్వ గోడలోంచి నడవడం క్రమశిక్షణా రాహిత్యమని నోటీసు వచ్చింది. "నడవొద్దంటే కట్టండి" అని దాని మీదే రాసి నూకరత్నం తిప్పి పంపింది.

తర్వాత వాన పట్టుకుంది. పిల్లలు పలకలతో సహా తడిసిపోయారు. నూకరత్నం వాళ్లను అలాగే బస్సెక్కించి, తీసుకెళ్లి అచ్యుతరామయ్య గారి గదిలో వరసలుగా కూర్చోబెట్టింది.

ఆయన తెర చూసుకుని శాంతంగా అన్నారు. "మీ గదికి నాలుగు గోడలూ ఉన్నాయి. వాన లోపలికి రాదు. కాబట్టి మీరు తడవలేదు."

"తడవలేదటర్రా" అంది నూకరత్నం పిల్లలతో. "అయితే ఇక్కడే హాయిగా చదువుకుందాం. మాస్టారూ, కానివ్వండి. గోడ లేచేదాకా మన మూడో తరగతి ఇదే."

బులిరాజు గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టాడు. పిల్లలు గట్టిగా వల్లెవేస్తున్నారు. వాళ్ల బట్టల్లోంచి కారిన నీళ్లు బల్ల కిందికి పారి అచ్యుతరామయ్య గారి చెప్పుల్ని తడిపాయి. ఆయన కాళ్లు రెండూ కుర్చీ మీదికి తీసుకుని, సంతకాలు పెట్టుకుంటూ పోయారు.