కోటకి మూడు టికెట్లు

ఆదికేశవులుకి చెవులు రెండూ బాగానే ఉన్నాయి. డాక్టరు పరీక్ష చేసి మరీ చెప్పాడు. అయినా పెళ్ళాం మాట మాత్రం వాటిలోకి దూరదు. సౌకార్‌పేటలో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు నడిపే ఈ పెద్దమనిషి, తిరుచ్చి నుంచి ఎవడో ఫోన్లో గొణిగిన గిన్నెల సైజు ఒక్కసారి వింటే చచ్చేదాకా మరిచిపోడు. ఆ ఇల్లాలికి ఒళ్ళు మండదూ?

ఆ పొద్దున కాఫీ చేతికిస్తూ మంగ మళ్ళీ చెప్పింది. డిసెంబరులో కొట్టులో కొత్త బండలు పరిపిస్తున్నారు. షట్టరు వారం పాటు మూసే ఉంటుంది. ఇలాంటి వీలు మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

"జైసల్మేర్ పోదామండి. ఎడారి మధ్యలో బంగారు రంగు కోట, రాతిలో కిటికీలు చెక్కిన మేడలు. పెళ్ళయిన కాడినుంచీ వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటానే ఉండారు."

"కోటే కదా? ఈ పొద్దే టికెట్లు వేయిస్తా," అన్నాడాయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

కొట్టుకు పోగానే ట్రావెల్స్ జయప్రకాష్‌కి ఫోన్ కొట్టాడు. జయప్రకాష్ అరవాయన. తెలుగు సగమే అర్థమవుతుంది, మిగతా సగం తనే పూరించుకుంటాడు.

"కోటకి మూడు టికెట్లు వెయ్యి. నేను, మా ఆవిడ, బిడ్డ."

"బిడ్డ ఏం చదువుతుంది సార్?"

"ప్లస్ టూ."

"సూపర్ సార్! కరెక్ట్ టైములో కరెక్ట్ డిసిషన్. మొత్తం నేను చూసుకుంటా."

పొగిడినవాణ్ణి ఆదికేశవులు ఇంకేమీ అడగడు. మధ్యాహ్నం పక్క కొట్టు ముఖేష్ లడ్డూలు పట్టుకొచ్చి, "కంగ్రాట్స్ అన్నా! మధుమితని డాక్టరు చేస్తున్నారంటనే? జయప్రకాష్ చెప్పినాడు," అన్నప్పుడూ అడగలేదు. తన ఇంటి సంగతి తనకే తెలియదంటే పరువేం కాను? "అవును మరి," అని లడ్డూ నోట్లో వేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి కూతురు మధుమిత గుమ్మంలోనే ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. రాజస్థాన్‌లోనే కోట అని వేరే ఊరొకటి ఉంది. డాక్టర్లూ ఇంజనీర్లూ కావాలనుకునే పిల్లల్ని కోచింగుకి తోలే ఊరు. జయప్రకాష్ ఆ ఊరికి టికెట్లు వేసి, హాస్టల్లో సీటు కూడా మాట్లాడి, ఆ రూల్సన్నీ అమ్మాయికి పంపించాడు.

"ఎన్న నైనా, ఏంది ఇది? తెల్లారకముందే లేవాలంట, ఫోన్ వార్డెన్‌కి ఇచ్చేయాలంట! నన్ను హాస్టల్లో పడేస్తావా?"

"డాక్టరు చదువు మంచిదే కదమ్మా..."

"నేను కామర్స్ నైనా! రెండేళ్ళుగా కామర్స్!"

వంటింట్లోంచి మంగ గరిటెతో సహా వచ్చింది. "బిడ్డ ఏం చదువుతుందో తెలీదు. నేనేం చెప్పినానో తెలీదు. మీకు తెలిసిందేంది అసలు?"

ఆదికేశవులు రయ్యిన జయప్రకాష్ ఆఫీసుకు పోయి బల్ల గుద్దాడు. "కోట అంటే ఊరు కాదయ్యా! రాజులు కట్టే కోట! మీ అరవంలో ఏమంటారు, కోట్టై!"

"ఓ, కోట్టైయా! ముందే చెప్పొచ్చు కద సార్! ఏ ఊరు?"

ఊరి పేరు గుర్తులేదు. మంగకి ఫోన్ చేసి అడిగితే పోయేది. కానీ అడిగితే ఆయన ఆదికేశవులు ఎందుకవుతాడు? "పేరుతో నీకేం పని? కోట ఉంటుంది, చెక్కిన మేడలుంటాయి, ఎండ మండిపోతుంది!"

"చెక్కుడు పని చేసిన పెద్ద పెద్ద ఇళ్ళు... తెలిసిపోయింది సార్! మొత్తం నేను చూసుకుంటా."

సాయంత్రం కొత్త టికెట్లు వచ్చాయి. పుదుక్కోట్టైకి. అరవనాట్లోనే ఉండే ఊరు, పేరులోనే కోట్టై ఉంది మరి.

మంగకి కోపం హద్దు దాటితే నోట్లోంచి 'మీరు' పోతుంది. ఇప్పుడు పోయింది. "ఇట్రా," అని మొగుణ్ణి చెయ్యి పట్టి వంటింట్లోకి లాక్కుపోయింది. గోడ మీద పాత క్యాలెండరు, అందులో రాతి కిటికీ బొమ్మ. ఏళ్ళు గడిచినా ఆమె దాన్ని తీయనివ్వలేదు. "దీని కిందే కదయ్యా రోజూ కూర్చుని తింటావు? చదువు!"

బొమ్మ కింద పెద్ద అక్షరాలతో ఊరి పేరు అచ్చయి ఉంది. ఆదికేశవులు చదివాడు.

మంగ ఆయన ఫోన్ లాక్కుని తనే మాట్లాడింది. "తంబీ, రాసుకో. జై-సల్-మేర్. రెండు టికెట్లు."

"రెండేనా అక్కా? మరి సార్‌కి?"

"సార్‌కి పుదుక్కోట్టై అట్నే ఉండనీ."

కోట చూడబోతున్నానని ఆదికేశవులు అప్పటికే బజారంతా చాటుకున్నాడు. చేసేది లేక ఒక్కడే రైలెక్కాడు.

జైసల్మేర్‌లో మంగ ఆ క్యాలెండరు కిటికీ ఎదుట నిలబడింది. ఆ రాతి లతల్ని చేత్తో తడిమి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం మాత్రం దిగలేదు. అప్పుడే ఫోన్ మోగింది.

"మంగా! ఈడా కోట ఉండాది! చెక్కిన మేడలూ ఉండాయంట! నేను చెప్పలా?"

"ఎడారి ఉండాదా?"



"లేదు. మోకాలి లోతు వాన నీళ్ళుండాయి," అన్నాడు ఆదికేశవులు.

పెళ్ళయ్యాక ఆమె అడిగినదానికి ఆయన సూటిగా జవాబు చెప్పడం అదే మొదటిసారి.