ఆపకుండా మూడు రౌండ్లు

ఆ ఆదివారం రామచంద్రం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇంట్లోంచి బయటపడాలి. కరీంనగర్ శివారులో కొత్తగా వేసిన రేసింగ్ ట్రాక్ మీద మూడు రౌండ్లు కారు నడపాలి. వచ్చేటప్పుడు అరకిలో మటన్ పట్టుకొని, పదకొండున్నరకల్లా ఏమీ ఎరగనట్టు ఇల్లు చేరాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు, కాబట్టి ఎవరికీ చెప్పాల్సిన పని కూడా లేదని అతని లెక్క.

అసలు చెప్పకూడనిది భార్య సత్తమ్మకే. రేసు కారు అంటే ఆమె ఇల్లు పీకి పందిరేస్తుందని భయపడి, "డిపోల మీటింగున్నది" అన్నాడు.

"ఆయితారం నాడు మీటింగేంది?" అంది సత్తమ్మ.

"రిటైరయ్యెటోళ్లకు ఆయితారమే వెడుతరు."

ముప్పై ఏళ్లు దాటిన కాపురంలో అబద్ధమాడే అవసరం పెద్దగా రాకపోవడంతో అతనికి ఆ పని అంతగా చేతకాలేదు. సత్తమ్మ అతన్ని తేరిపార చూసి లోపలికి వెళ్లిపోయింది.

రామచంద్రం ఆర్టీసీ డ్రైవరు. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్, ఆదిలాబాద్ నుంచి కరీంనగర్. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే దారి. ఈ నెలాఖరుకు రిటైర్మెంటు. ఇన్నేళ్లలో అతను ఒక్కసారి కూడా ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి ఎరగడు. డీజిల్ ఎంత మిగిలిస్తే అంత మంచి డ్రైవరని పేరు. అందుకని కొత్తగా అలికిన వాకిట్లో అడుగు పెట్టినంత మెల్లగా కాలు ఆనించేవాడు. ఎప్పుడైనా నున్నటి రోడ్డు దొరికి, బండి కాస్త ఊపందుకునే సమయానికి పక్కన ఎవరో ఒకరు చెయ్యెత్తేవారు. పత్తి మూటతో ఒక రైతు, చంకలో పిల్లతో ఒక తల్లి, పరీక్షకు ఆలస్యమైన ఒక కాలేజీ పిల్ల. స్టేజీ అయినా కాకపోయినా రామచంద్రం ఆపేవాడు. ఆపకుండా పోతే అద్దంలో ఆ చెయ్యి ఇంకా ఎత్తే కనపడుతుందని, అది చూసి తట్టుకోవడం తనవల్ల కాదని అనేవాడు.

కానీ మనసులో ఒక కోరిక మిగిలిపోయింది. స్టీరింగ్ వదిలేసే లోపల ఒక్కసారైనా, ఎవరికోసమూ ఆగకుండా, కాలు నేలకు తాకేదాకా తొక్కి నడపాలి. ఈ మాట ఒకసారి కూతురు హర్షిణితో నోరు జారాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఆ పిల్ల ఫోన్‌లోనే టికెట్ కొని పంపింది. మూడు రౌండ్లు, ఆదివారం పది గంటలకు.

హర్షిణి కాక ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే, కండక్టరు వనజ. ఎనిమిదేళ్లుగా ఆమె "రైట్, రైట్" అనందే అతను బస్సు కదిలించింది లేదు. అలాంటి మనిషి దగ్గర ఇది దాచడం అతనికి పాపమనిపించింది. వనజ కూడా రెండు రోజుల పాటు ఎంతో నిగ్రహంగా నోరు మూసుకుంది.

మూడో రోజు వెంకటి బస్సెక్కాడు. వారం వారం ఆదిలాబాద్ పత్తి జిన్నింగ్ మిల్లుకు పోయే మనిషి. "డ్రైవర్ సాబ్ రిటైరైతుండట గదా, పాపం!" అన్నాడు. ఆ 'పాపం' అన్న మాట వనజకు నచ్చలేదు.

"పాపమేంది? ఆయితారం నాడు రేసు కారు నడుపుతుండు మా అన్న," అంది.

ఆమె అన్నది అంతే. జగిత్యాల వచ్చేసరికి అతను రేసులో దిగుతున్నాడు. నిర్మల్ దాటేసరికి హైదరాబాద్ నుంచి వచ్చే ఎవరో మొనగాడితో పోటీ పడుతున్నాడు. ఆదిలాబాద్ బస్టాండులో దిగేసరికి, గెలిస్తే అతని రిటైర్మెంటు ఆపి ఇంకో రెండేళ్లు సర్వీసు పెంచుతారట. ఇంజను చప్పుడులో ముందు కూర్చున్న రామచంద్రానికి ఇందులో ఒక్క ముక్కా వినపడలేదు.

ఆదివారం ట్రాక్ దగ్గరికి వెళ్లేసరికి కంచె పొడుగునా అరవై, డెబ్బై మంది నిలబడి ఉన్నారు. ముఖాలన్నీ తెలిసినవే. సీజన్ పాసు టీచర్లు, కూరగాయల గంపలవాళ్లు, పాలకేన్ల వాళ్లు. వెంకటి చేతిలో బంతిపూల దండ కూడా ఉంది. వాళ్ల వెనకాల వనజ తల దించుకొని నిలబడింది.

"అన్నా, నేను ఒక్క మాటే అన్న. మిగిలిందంత వాళ్లే కలుపుకున్నరు."

"ఏం కలుపుకున్నరు?"

"తర్వాత చెప్త. నువ్వు జర ఫికర్ వెట్టుకోకుండ నడుపు."

ట్రాక్ బాధ్యత చూసే సాగర్ అనే అతను వచ్చి, రామచంద్రానికి తలకు హెల్మెట్, ఒంటికి ఎర్ర డ్రెస్సు తొడిగించాడు. డ్రెస్సు పొట్ట దగ్గర కాసేపు మొరాయించింది. కారు చూస్తే మోకాలి ఎత్తు లేదు, సీటు ఒక్కటే. రామచంద్రం అలవాటుగా చుట్టూ తిరిగి నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూశాడు. ఆ తర్వాత లోపల కూర్చున్నాడు అనే కంటే పడుకున్నాడు అనాలి. ఇన్నేళ్లూ జనాన్ని పైనుంచి చూసిన మనిషికి ఇప్పుడు అందరి మోకాళ్లూ కనపడుతున్నాయి. అన్నం పళ్లెమంత స్టీరింగును ముట్టుకొని కళ్లకద్దుకున్నాడు.

"సార్, ట్రాక్ మీద ఇప్పుడు మీరొక్కరే. మూడు రౌండ్లు. మధ్యలో ఎక్కడా ఆగకండి. ఆగితే ఆ రౌండు పోయినట్టే," అన్నాడు సాగర్.

"అయ్యో బాబూ, ఆపకుండ నడుపుదామనే వచ్చిన," అన్నాడు రామచంద్రం.

పచ్చజెండా ఊపారు. కారు కదలలేదు. మళ్లీ ఊపారు. కదలలేదు. సాగర్ పరుగెత్తుకొచ్చి, "స్టార్టయింది కదా సార్, వెళ్లండి!" అన్నాడు. పోవాలనే ఉంది రామచంద్రానికి, కాలే మాట వినడం లేదు. జనంలోంచి వనజకు సంగతి అర్థమైంది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకొని, "రైట్! రైట్!" అని గట్టిగా కేక వేసింది. కారు ఠక్కున ముందుకు దూకింది.

మొదటి మలుపు దాకా బాగానే పోయింది. అక్కడ వెంకటి, అతని వెంట పదిమంది, తమ డ్రైవర్ సాబ్ వస్తున్నాడన్న సంబరంలో చేతులు పైకెత్తి ఊపారు. రామచంద్రం కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది. కారు ఆగింది. అదీ వాళ్ల ముందు కాదు, ముప్పై అడుగులు ముందుకు పోయి ఆగింది. వెనక తలుపు సరిగ్గా వాళ్ల కాళ్ల ముందుకు రావాలంటే బస్సు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. వెనక తలుపు కాదు కదా, అసలు తలుపే లేని బండి అని అతనికి ఆ తర్వాత గుర్తొచ్చింది.

"ఏమైంది డ్రైవర్ సాబ్?" అని వెంకటి కంచె వెంట పరుగెత్తాడు.

"చెయ్యెందుకు ఎత్తినవ్?"

"ఖుషీకి ఎత్తిన!"

రెండో మలుపులో టీచర్లు ఎత్తారు. మూడో మలుపులో గంపలవాళ్లు. ఎత్తిన ప్రతిచోటా అతను ఆగాడు. ఆగిన ప్రతిచోటా, ఇక్కడ కూడా ఉత్సాహం తగ్గకూడదని జనం ఇంకా పైకి ఎత్తారు. ఒకటిన్నర నిమిషంలో పూర్తి కావాల్సిన రౌండుకు పదకొండు నిమిషాలు పట్టింది. ఆ ట్రాక్ మీద అంత ఆలస్యంగా ఎవరూ తిరిగి రాలేదని సాగర్ చెప్పాడు.

వనజ పరిస్థితి చక్కదిద్దింది. కంచె వెంట ఈ చివర నుంచి ఆ చివరకు పోయి, "చేతులెత్తకుండ్రి, మీకు దండం వెడుత!" అని అందరి చేతులూ దింపించింది. రెండో రౌండు మొదలైంది. చెయ్యి ఆడించే వీలు లేకపోయేసరికి ఆ సంబరమంతా నోట్లోకి వచ్చింది. పాలకేన్లాయన రెండు వేళ్లు నోట్లో పెట్టుకొని చెవులు చిల్లులు పడేలా ఒక విజిల్ వేశాడు. బస్సులో ఒక విజిల్ అంటే దిగేవాళ్లు ఉన్నారని అర్థం. రామచంద్రం ఆగాడు. దిగేవాళ్లు ఎవరూ లేరు. మళ్లీ కదిలాడు. మళ్లీ విజిల్. ఆ రౌండు కూడా పోయింది.

వెంకటి ఇక ఉండబట్టలేక కారు దగ్గరికే వచ్చేశాడు. "గిట్ల నడిపితే ఎట్ల డ్రైవర్ సాబ్? రెండేండ్ల సర్వీసు ఏడ వెరుగుతది?"

"సర్వీసేంది?"

అప్పుడు బయటపడింది అంతా. ఆ హైదరాబాద్ మొనగాడు, పోటీ, గెలుపు, రెండేళ్లు. రామచంద్రం హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వీళ్లంతా తమాషా చూడటానికి వచ్చారనుకున్నాడు. కానీ వాళ్లు ఆదివారం పూట పనులు మానుకొని, ఇంకో రెండేళ్లు తమకు ఈ డ్రైవరే ఉండాలని వచ్చారు. ముప్పై ఒక్క ఏళ్లుగా రోడ్డు పక్కన అతనికి కనపడింది చేతులే. ఆ చేతుల వెనక మనుషులు తనను ఇంతగా తలచుకుంటారని ఎన్నడూ అనుకోలేదు.

"సర్వీసు వెరుగుడు లేదు, పోటీ లేదు. అన్ని ఉత్త మాటలే," అన్నాడు.

"అయితే మరి గీ తిప్పలెందుకు?" అన్నాడు వెంకటి.

చెప్పడానికి సిగ్గేసింది. ఈ మనుషుల ముందే చెప్పాల్సి రావడంతో మరీ సిగ్గేసింది. "ఒక్కసారన్న... ఎవ్వలకోసం ఆపకుండ నడపాలెనని ఉండె. అంతే."

తమకోసం ఆగి ఆగి ఈ మనిషి ఏం పోగొట్టుకున్నాడో అప్పుడే తెలిసినట్టు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వెంకటి పూలదండను మెడలో వేయబోయి, మళ్లీ వద్దనుకొని, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పో సార్. మేం చేతులు కదిలిస్తే ఒట్టు," అన్నాడు.

అందరూ చేతులు కట్టుకున్నారు. పాలకేన్లాయన అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వనజ, ఈసారి మెల్లగా, "రైట్ అన్నా, రైట్," అంది.

రామచంద్రం హెల్మెట్ మళ్లీ పెట్టుకొని తొక్కాడు. మొదటి మలుపులో ఎవరూ కదలలేదు. రెండో మలుపులోనూ అంతే. వరసగా నిలబడ్డ మనుషులు, ఒక్క చెయ్యి కూడా పైకి లేవదు. అతని కాలు కిందికి, ఇంకా కిందికి పోయింది. నేలను తాకింది. గాలి హెల్మెట్‌లో ఊళ పెట్టింది. రోడ్డు ఎదురొచ్చి కారు కిందకు దూరిపోతోంది. రామచంద్రం పెద్దగా నవ్వాడు. తన నవ్వు తనకే వినపడలేదు. చిన్నపిల్లవాడిలా సంతోషంగా ఉంది అతనికి, పచ్చి సంతోషం, దాన్లో ఇంకేమీ లేదు.

చివరి మలుపులో జనం లేరు. కంచెకు ఆనుకొని ఒక్క మనిషి నిలబడి ఉంది. ఆకుపచ్చ చీర. చెయ్యి ఎత్తి ఉంది.

అది సత్తమ్మ అని వంద గజాల దూరం నుంచే తెలిసింది. కాలు బ్రేకు మీదికి పోయింది. ఒక్క క్షణం అక్కడే ఉంది. తర్వాత రామచంద్రం ఆ కాలును మళ్లీ వెనక్కి తెచ్చి, ఎక్సలేటర్ మీదే పెట్టాడు. ఆకుపచ్చ చీర పక్కనుంచి సర్రున వెనక్కి పోయింది. అద్దంలో ఆ చెయ్యి ఇంకా ఎత్తే ఉంది.

రౌండు పూర్తయింది. జనం ఒట్టు తీరిందని కేకలు, చప్పట్లు, విజిల్స్. రామచంద్రం హెల్మెట్ తీశాడు కానీ, అతనికి దిగాలనిపించలేదు. పది నిమిషాలకు, వెనక గేటు వైపు నుంచి ఎండలో చుట్టూ నడుచుకుంటూ సత్తమ్మ వచ్చింది. జనం దారి ఇచ్చారు.

"ఎవ్వలెత్తినా ఆపెటోనివి. నేనెత్తితే ఆపవా?"

చూడలేదని చెప్పొచ్చు. ఆ సాకు లోకంలో డ్రైవర్లందరికీ ఉంది. కానీ పొద్దున ఒక అబద్ధం ఆడి, అది ఎంత దూరం వచ్చిందో చూశాక, ఇంకోటి ఆడే ఓపిక అతనికి లేకపోయింది.

"చూసిన. చూసే పోయిన."

సత్తమ్మ ఆ మాటకు కోప్పడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. "పక్కింటామె చెప్పింది, గెలిస్తే రెండేండ్లు వెంచుతరట అని. నాకు పానం పోయినట్టయింది. ముప్పై ఏండ్ల సంది నాలుగింటికి లేశి నీకు సద్ది కట్టుడే. నీతోని కూసోని ఒక్కపూట సల్లగ చాయ్ తాగింది లేదు. ఇంకా రెండేండ్లంటే నావల్ల గాదు. గెలవకుండ ఆపుదామనే ఆటో మాట్లాడుకొని వచ్చిన."

"నేను నడిపితే భయపడుతవనుకున్న."

"నీ డ్రైవింగుకు నాకు భయమేంది? నువ్వు ఇంటికి రాకపోతేనే భయం."

రామచంద్రం తల దించుకున్నాడు. అతను దాచాల్సింది ఏమీ లేదన్నమాట. అడిగి ఉంటే ఈమే టిఫిన్ కట్టి వెంట వచ్చేది. "ఎవ్వలు వెంచుడు లేదు. ఒకటో తారీఖు సంది ఇంట్లనే ఉంట," అన్నాడు.

"నిజంగనేనా?"

"నీ మీదొట్టు."

సత్తమ్మ ఆ ఎర్ర డ్రెస్సును, పొట్ట దగ్గర బిగుసుకున్న జిప్పును, చెమటతో తడిసిన ముఖాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఆ ముఖంలో ఆమె పెళ్లయిన కొత్తలో తప్ప చూడని వెలుగు ఒకటి ఇంకా ఆరకుండా ఉంది. దాని మీద ఆమెకు కొంచెం అసూయ కూడా కలిగింది.

"అంత మంచిగున్నదా?"

"మస్తుగున్నదే సత్తమ్మా."

"అయితే ఇప్పుడాపినవ్ గద. నేనెక్కుత."

సాగర్ కంగారుగా అడ్డం వచ్చాడు. "అమ్మా, ఇందులో సీటు ఒక్కటే ఉంటుంది."

"నిలవడి వస్త బిడ్డా," అంది సత్తమ్మ, చెప్పులు సర్దుకుంటూ. "ఈయన బస్సుల నాకు సీటెప్పుడు దొరికింది గనుక?"

సాగర్, ఆమె పట్టుకోవడానికి ఎక్కడైనా కడ్డీ ఉందేమోనని కారులోకి వంగి వెతికాడు.