గీత కదలకూడదు

ఆదివారం ఉదయం ఆరింటికే కళ్ళజోళ్ళ షాపాయన లేచి, మొహం కూడా కడుక్కోకుండా టేపు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. పదింటికి రైఫిల్ క్లబ్బులో ఎంపిక పోటీ. జట్టులో ఒక్క చోటు ఖాళీ. ఆ చోటు కోసం ఆయన ఆరేళ్ళుగా కాలుస్తూనే ఉన్నాడు, అది ఆరేళ్ళుగా ఇంకెవరికో పోతూనే ఉంది. ఏడుసార్లు తప్పినవాళ్ళని ఏర్పాట్ల సంఘంలో వేయాలని క్లబ్బు నియమం. ఏర్పాట్ల సంఘమంటే కుర్చీలు సర్దడం, కాల్చేవాళ్ళకి టీలు అందించడం. ఇది ఏడోసారి.

కానీ ఈసారి ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. బావమరిది తన పెద్ద తుపాకీ మీది గురిచూసే స్కోపు ఊడదీసి బహుమతిగా పంపాడు. చిక్కల్లా ఒక్కటే. అది వంద మీటర్ల దూరానికి అమర్చిన స్కోపు. క్లబ్బులో ఎయిర్ రైఫిలుకి దూరం ఇరవై మీటర్లు. అంత దగ్గర్లో చూస్తే, తుపాకీ కదలకపోయినా సరే, తల కాస్త పక్కకి జరిగిందంటే లోపలి అడ్డగీత నిలువుగీత రెండూ గురి మీద నుంచి జారిపోతున్నాయి. దీన్ని పారలాక్స్ అంటారు. ముందు అద్దాన్ని మర తిప్పి కొంచెం కొంచెంగా బయటికి తెస్తే సరిపోతుంది. ఇంకొకడైతే తల పట్టుకునేవాడు. పాతికేళ్ళుగా ఊరందరి అద్దాలు సరిచేస్తున్న మనిషికి ఇదొక లెక్కా?

"అద్దం కదిపితే గుండు తగిలే చోటు కూడా మారుతుంది," అంది భార్య వంటింట్లోంచి. ఆవిడ ఆస్పత్రి ల్యాబులో రోజంతా మైక్రోస్కోపు ముందు కూర్చునే మనిషి. "పోటీకి ముందు పది గుండ్లు కాల్చి సరిచూసుకోండి."

"అందుకేగా తొమ్మిదింటికే వెళ్తున్నాను. గంటసేపు అదే పని."

కిటికీలోంచి ఎదురింటి గోడ దాకా టేపుతో కొలిస్తే, అచ్చంగా ఇరవై మీటర్లు వచ్చింది. ఆయన పొంగిపోయాడు. చప్పుడు చేయకుండా వీధి దాటి, తెల్లకాగితం మీద నల్లచుక్క పెట్టి ఆ గోడకి అంటించి వచ్చాడు. గుండు వేయని తుపాకీని కిటికీలో రెండు దిండ్ల మధ్య బిగించి, స్కోపులో కన్ను పెట్టి తల పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ ఊపడం మొదలుపెట్టాడు. గీత కదిలింది. అద్దం పావు చుట్టు తిప్పాడు. మళ్ళీ ఊపాడు.

ఎదురింట్లో ఉండేది లెక్కల మాస్టారు. ఆయనకి చేసిచ్చిన కళ్ళజోడు మూడుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి, అంటే నిన్న సాయంత్రం, పదిమంది ముందు దాన్ని షాపు బల్ల మీద గిరాటేసి, "అద్దాల షాపు పెట్టేవాడికి ముందు కళ్ళుండాలి," అని తిట్టి, వేరే దారిలేక మళ్ళీ అదే పెట్టుకుని వెళ్ళాడు. ఈ ఉదయం పేపరు కోసం గేటు దాకా వచ్చిన మాస్టారికి గోడ మీద నల్లచుక్క కనిపించింది. ఇదేమిటా అని తలెత్తితే కిటికీలో తుపాకీ గొట్టం, దాని వెనక నిన్న తను తిట్టిన మనిషి.

మాస్టారు కుడికి జరిగాడు. కిటికీలో తల కుడికి జరిగింది. ఎడమకి జరిగాడు. అదీ జరిగింది. కూర్చున్నాడు. తల కిందికి దిగింది. మాస్టారు సాక్ష్యం కోసం కాగితం పీక్కుని, మోకాళ్ళ మీద పాక్కుంటూ ఇంట్లోకి పోయి తలుపు గడియ పెట్టుకున్నాడు.

స్కోపులో చుక్క తప్ప మరేమీ కనిపించని షాపాయన, ఉన్నట్టుండి ఆ చుక్కే మాయమైతే గాలికి ఎగిరిపోయిందనుకున్నాడు. గబగబా వెళ్ళి, ఈసారి ఎగరకుండా, ఇంకా పెద్ద చుక్కని జిగురు దట్టించి అంటించాడు. కర్టెన్ సందులోంచి అది చూసిన మాస్టారు పోలీసులకి ఫోన్ చేశాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఆ క్షణానికే గీత నిలిచింది. తల ఎటు ఊపినా చుక్క మీద మేకు దిగ్గొట్టినట్టు నిలిచింది. షాపాయన ఆనందం పట్టలేక, లోపలికి వచ్చిందెవరో కూడా చూసుకోకుండా చెయ్యి పట్టుకుని లాగాడు. "రండి సార్, చూడండి. తల ఊపండి. ఊపండి సార్, పర్వాలేదు."

ఇన్‌స్పెక్టరు తుపాకీలో గుండు లేదని చూసుకుని కన్ను పెట్టాడు. ఊపాడు. "అరె, కదలట్లేదే," అని టోపీ తీసి పక్కన పెట్టి మళ్ళీ ఊపాడు. ఎదురింట్లో మాస్టారు అది చూశాడు. పోలీసులు కూడా కలిసిపోయారని తేల్చుకుని సోఫా వెనక బోర్లా పడుకున్నాడు.

ఆయన్ని బయటికి రప్పించడానికి అరగంట పట్టింది. వచ్చాక కూడా రాతపూర్వకంగా హామీ ఇస్తేగానీ కంప్లయింటు వెనక్కి తీసుకోనని భీష్మించుకున్నాడు. ఒక్కొక్క మాటా తనే చెప్పి రాయించాడు. "నా గోడ వైపు, నా గేటు వైపు, నా పూలకుండీల వైపు, నాకు సంబంధించిన దేని వైపూ తుపాకీ కాల్చను. కాలిస్తే కేసు పెట్టవచ్చు. ఇంకో కాపీ కూడా రాయండి." షాపాయన గడియారం చూసుకుంటూ రెండు కాపీలూ రాసి సంతకం పెట్టాడు. తొమ్మిదీ నలభై.

"క్లబ్బు దాకా నేను దింపుతాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మాస్టారూ, మీరూ రండి. ఇదంతా ఆటేనని కళ్ళారా చూస్తే మీ భయం పోతుంది."

జీపు క్లబ్బు ముందు ఆగేసరికి పదికి ఒక్క నిమిషం. సరిచూసుకోవడానికి గంట కాదు కదా, గుక్కెడు నీళ్ళు తాగే వ్యవధి కూడా లేదు. షాపాయన పరుగున పోయి ఐదో నంబరు గడిలో నిలబడ్డాడు. ఆరో నంబరు మనిషి రాలేదు. మాస్టారినీ కాల్చనివ్వమని ఇన్‌స్పెక్టరు అడగ్గానే క్లబ్బు సెక్రటరీ ఆయన్ని అక్కడ నిలబెట్టి, చేతికి క్లబ్బు తుపాకీ ఇచ్చి పేరు రాసుకున్నాడు. "ఇక్కడ నిలబడినవాళ్ళంతా పోటీలో ఉన్నట్టే. మనిషికి ఐదు గుండ్లు."

షాపాయన స్కోపులో కన్ను పెట్టాడు. ఆహా, ఏం గీత. కావాలనే తల ఊపి చూసుకున్నాడు, కదిలితే ఒట్టు. ఒకటి, రెండు, మూడు, ఊపిరి బిగబట్టి నాలుగు, ఐదు. ఆరేళ్ళలో ఎన్నడూ అంత హాయిగా కాల్చలేదు. జట్టు చొక్కా ఒంటిమీదకి వచ్చేసినట్టే అనిపించి ఒళ్ళు పులకరించింది. పక్కన మాస్టారు రెండు కళ్ళూ మూసుకుని ఐదు గుండ్లనీ గురి కాగితాల వెనకున్న ఇసుక బస్తాల్లోకి పంపాడు.

పక్కపక్కనే కట్టిన ఆ కాగితాలని సెక్రటరీ పట్టుకొచ్చాడు. "ఐదో నంబరు," అని కాగితం తిప్పి, మళ్ళీ తిప్పి చూశాడు. "సున్న. ఒక్కటీ తగల్లేదు." ఆరో కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "ఆరో నంబరు. నల్లచుక్క నడిమధ్య ఒకటే చిల్లు, అందులోంచే ఐదు గుండ్లూ పోయాయి. ఈ క్లబ్బులో ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు."

షాపాయనకి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. అద్దం తిప్పడంతో గుండు పోయే చోటు జానెడు పక్కకి జరిగింది. జానెడు పక్కన ఉన్నది ఆరో కాగితం. ఆ చిల్లు తనది. ఆ చోటు తనది.

"అవి నా..." అన్నాడు.

"మీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మాస్టారు హామీ కాగితం జేబులోంచి తీసి, నొసలు చిట్లించి, మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాడు.

"నా అభినందనలు," అన్నాడు షాపాయన.

మాస్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జనం చప్పట్లు కొడుతుంటే కళ్ళజోడు తీసి తుడుచుకుని, షాపాయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. సెక్రటరీ జట్టు చొక్కా తెచ్చి మాస్టారికి తొడిగాడు, టీ పళ్ళెం తెచ్చి షాపాయన చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమైందండీ? వచ్చిందా చోటు?"

"మన వీధికే వచ్చింది," అన్నాడాయన.