మేడమీద వాటా విజయము

కొల్లేటి మీదినుండి వీచు తేమగాలి తాడేపల్లిగూడెపు ఉల్లిఘాటుతో చెయ్యి కలిపి, వీథివీథినా కన్నీళ్ళను ఉచితముగా పంచుచున్న ఒకానొక మంగళవారమున, పదిగంటల నలుబది నిమిషముల శుభవేళ, కత్తికి మారుగా గుడ్డసంచిని, కవచమునకు మారుగా ఇంటి దస్తావేజులను ధరించి, టోకెను నలుబదియేడు చేతబూని బ్యాంకుద్వారమున నిలిచిన మహావీరుని గాథ చెప్పెదను. అయ్యలారా, అమ్మలారా, ఫోనులు ప్రక్కన పెట్టి వినుడు.

అతడెవడనగా, పలాండురాశిశిఖరవిహారి, గోనెసంచిగణాధిపతి, నలుబదిరెండు వత్సరములు ఉల్లిపాయల హోల్‌సేలు కొట్టు నడపిన అమరేశ్వరరావు గారు! ఆ కొట్టున ఒక కట్టుబాటుండెడిది. గల్లాపెట్టె ముందు 'లేదు' అను మాట పలుకరాదు. పలికినచో లక్ష్మి అలిగి వెడలిపోవునట. సరకు నిండుకొన్నను 'రేపు రండి' అనవలసినదే. తండ్రి నేర్పిన ఈ వ్రతము మన వీరునికి ఎంతగా ఒంటబట్టెననగా, పెండ్లిచూపులనాడు మామగారు "చెడ్డ అలవాట్లేమైనా ఉన్నాయా బాబూ?" అని అడుగగా, "రేపటికి తెప్పిస్తానండీ" అనెను. అయినను పిల్లనిచ్చిరి, అది వేరే కథ.

అట్టి కొట్టు మోకాళ్ళ పోటువలన రెండేండ్ల క్రిందట మూతబడెను. ఉద్యోగికి పింఛను గలదు, వర్తకునకు గలదా? దాచుకొన్న సొమ్ముపై వచ్చు వడ్డీ ప్రతినెలా ఇరువదవ తేదీకే ఊపిరి విడుచుచుండెను. అప్పుడు చెవినిబడినది రివర్స్ మార్ట్‌గేజి యను దివ్యాస్త్రము. ఇల్లు తాకట్టుంచినచో బ్యాంకే నెలనెలా సొమ్మిచ్చును. ఆలుమగలు బ్రతికినన్నాళ్ళు ఆ ఇంటనే ఉండవచ్చును. ఆ పిమ్మట వారసులు బాకీ తీర్చి విడిపించుకొనవచ్చును, వలదన్నచో బ్యాంకు అమ్ముకొనును. వినుటకు బాగుగనే యున్నది గాని, ధర్మపత్ని భాగ్యలక్ష్మి గారి గుండెలో రాయి పడెను.

"ఏవండీ, మేడమీద వాటా ఖాళీ చేసి అద్దెకిస్తే సరిపోయేదానికి ఇల్లు తాకట్టెందుకండీ? ఈ గోడలకి పొద్దున్నా సాయంత్రం నీళ్ళు కొట్టింది నేనేనండీ" అని బ్యాంకు కుర్చీలో ప్రక్కనే కూర్చున్న ఆమె పదియవమారు అడిగిరి.

అంతట ఆ వీరుడు బ్యాంకు కుర్చీలు అదరునట్లు గర్జించెను: "ఏమంటివి భాగ్యం! నా కాటాను, మూడువందల గోనెసంచులను, మా నాన్నగారు స్వహస్తమున వ్రాసిన బోర్డును వీథిపాలు చేయుదునా? రేపు కొట్టు తెరువవలసివచ్చిన నా తులాదండము నెవడు తెచ్చియిచ్చును? ఏలూరు కాలువ ఎగువకు పారినను, మేడమీద వాటా ఖాళీ కాదు!"

"ఆ రేపు రెండేళ్ళనించీ వస్తానే ఉందండీ" అనిరి ఆమె మెల్లగా.

కొట్టు ఇక తెరచుకొనదన్న సంగతి ఆయనకు తెలియక కాదు. ఒప్పుకొనుటకు నోరు రాకుండెను. అది ఎరిగిన ఇల్లాలు గనుకనే ఆమె అంతకుమించి రెట్టింపలేదు.

టోకెను నలుబదియేడు పిలువబడెను. అధికారిణి మేఘన దరఖాస్తు ముందుంచుకొని, పేరు వ్రాసెను, వయస్సు వ్రాసెను, కలమెత్తి అడిగెను.

"ఈ ఇల్లు కాకుండా వేరే ఆదాయం ఏమైనా ఉందాండీ?"

అక్కటా! వచ్చిపడెను కదా బ్రహ్మాస్త్రము! రెండక్షరములు పలికిన చాలు, పని జరిగిపోవును. కాని ఎదుట బల్ల, ప్రక్క కౌంటరుపై నోట్లకట్టలు. అచ్చముగా గల్లాపెట్టె ముందున్నట్లే యుండెను. ఆ రెండక్షరములు కంఠము దాక వచ్చుచుండ, నలుబదిరెండేండ్ల అలవాటు నాలుకకు అడ్డముగా పండుకొనెను. వెనుకనున్న టోకెను నలుబదియెనిమిది విసుగుతో దగ్గెను.

"ఉందండీ" అనివైచెను వీరుడు. "మేడమీద వాటా... అద్దె."

"నెలకెంతొస్తోందండీ?"

"రేపటినించి వస్తుందండీ."

భాగ్యలక్ష్మి గారు కొంగు నోటికడ్డము పెట్టుకొనిరి. మేఘన కలము క్రిందపెట్టెను.

"అయితే ముందు ఆ అద్దెతో గడుస్తుందేమో చూడండి బాబాయిగారూ. ఈ పథకం మంచిదేనండీ, కానీ ఇల్లెక్కడికీ పోదు కదా. వయసు పెరిగితే నెలకి వచ్చేదీ పెరుగుతుంది. చాలకపోతే అప్పుడే రండి."

ఉన్నదని చెప్పిన సరకు తూచి ఇయ్యనివాడు వర్తకుడా? మూడుదినములు మేడమీద ఘోరసంగ్రామము జరిగెను. గోనెసంచిధూళి మేఘమై క్రమ్మెను. బొద్దింకలు దండుకట్టి వచ్చి, చీపురుకట్ట ప్రహారములకు చెల్లాచెదరై పోయెను. సంచులు పాతసామాన్ల బండి ఎక్కెను, బోర్డు దేవుని గదిలో చేరెను. నట్టనడుమ కాటా ఒక్కటి మిగిలెను. దానిపై చేయి వేయుటకు ఆయనకు మనసొప్పలేదు.

నాలుగవనాడు దుర్గాభవాని యను టీచరమ్మ వాటా చూడవచ్చెను. "మాది కొల్లేరు పక్కనండీ. ఆదివారం చేపలు వండుకోవచ్చాండీ?" అని అడిగెను. ఏడుతరముల శాకాహారవంశతిలకుని నోట, గడపకు వచ్చిన బేరముతో కాదన్నమాట రాదాయె! "వండుకో అమ్మా" అనెను. "కిటికీలు తీసుకుని" అని భాగ్యలక్ష్మి గారు చేర్చిరి.

దుర్గాభవాని కాటా ముందు ఆగెను. "కొట్టు మళ్ళీ తెరుస్తారాండీ? అయితే ఇది ఇక్కడే ఉండనివ్వండి, నేను సర్దుకుంటాను."

అమరేశ్వరరావు గారు కాటా పళ్ళెమును ఒకసారి చేతితో తుడిచిరి. కన్నులు చెమర్చెను. దరిదాపుల ఉల్లిపాయ ఒక్కటియు కానరాకుండెను.

"లేదమ్మా" అనిరి ఆయన.

మ్రోగింపుడు భేరీలు! పూరింపుడు శంఖములు! నలుబదిరెండేండ్లు చెక్కుచెదరని రెండక్షరముల దుర్గము నేటికి కూలెను! ఇల్లు నిలిచెను, ఇల్లాలు గెలిచెను! లక్ష్మి అలిగి వెడలిపోలేదు సరికదా, చేత అడ్వాన్సు పట్టుకొని గుమ్మమున నిలిచియుండెను.

"రేపు రామ్మా, తాళంచెవి ఇస్తాను" అనిరి అమరేశ్వరరావు గారు.

మరునాడు ఆమె వచ్చెను. ఆయన ఇచ్చెను.