ఎల్లాజీ నిష్క్రమించారు

ఫోనులో ఉండే తెలుగు ఏ ఊరి తెలుగో గంగాధరరావుకు ఏళ్లుగా తీరని సందేహం. ఆయన స్టీలు ప్లాంటు ఉద్యోగం నుంచి విరమించిన రోజున కూతురు శ్రీసత్య ఫోను కొనిచ్చి, అక్షరాలన్నీ తెలుగులోకి మార్చింది. అప్పటినుంచి అది పురాణం చెప్పే శాస్త్రిగారిలా మాట్లాడుతోంది. ఒక్క ముక్క సరిగా అర్థం కాదు. అయినా దేవుడి పుస్తకాల్లో ఉండే భాష కనుక అబద్ధమాడదని ఆయన నమ్మకం.

ఆ ఉదయం పూజ ముగించి, పాత షిఫ్టు మిత్రుల గ్రూపులోకి సింహాద్రి అప్పన్న బొమ్మలు పంపుదామని కూర్చున్నాడు. రోజూ పంపేవే. గ్రూపును నడిపేది ఆయనే కాబట్టి ఎవరి రాకపోకలైనా ఫోను ఆయనకే చెబుతుంది. ఇవాళ ఒకటే మాట చెప్పింది: "ఎల్లాజీ నిష్క్రమించారు."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "కామేశ్వరీ, మన ఎల్లాజీ పోయాడే!"

"నిన్న వంకాయలు బేరమాడుతూ కనిపించారు కదండీ! ఎవరు చెప్పారు?" అంది భార్య.

"ఫోనే చెప్పింది. ప్రవచనంలో విన్లేదూ? జీవుడు దేహంలోంచి నిష్క్రమించడమంటే ఏంటి మరి?"

ఎల్లాజీకి ఫోను చేశాడు. స్విచ్ఛాఫ్.

దుఃఖం కన్నా ముందు భయం పట్టుకుంది. ఒకనాడు మద్దిలపాలెంలో జోరువాన పడుతుంటే ఎల్లాజీ తన గొడుగు ఈయన చేతిలో పెట్టి, తాను తడుస్తూ పోయాడు. ఆ గొడుగు ఇప్పటికీ తలుపు వెనకే వేలాడుతోంది. ఋణం ఉంచుకుంటే ఎద్దై పుట్టి తీర్చాలని నాయనమ్మ చెప్పేది. ఇచ్చినవాడే పోతే ఇక తీర్చేదెవరికి? అప్పుడే మెడ మీద కాడి బరువు తెలుస్తున్నట్టు అనిపించింది.

"మన ఎల్లాజీ నిష్క్రమించారు. ఓం శాంతి" అని గ్రూపులో పెట్టాడు. జోడించిన చేతులు బారులు తీరాయి. పాత మిత్రుడు మోహనకృష్ణ వెంటనే ఫోను చేశాడు.

"బావా, ఎల్లాజీ పోతే తవిటమ్మొదిన ఒక్కర్తీ ఏటి సేత్తాది? ఫ్రీజరు పెట్టె నాను పట్టుకొత్తన్నాను."

గంగాధరరావు దండ కొని, గొడుగు చంకన పెట్టుకుని వెళ్లేసరికి ఎల్లాజీ ఇంటికి తాళం వేసి ఉంది. మిత్రులు మూగారు. శవాన్ని ఉంచే ఫ్రీజరు పెట్టె వ్యానులోంచి వాకిట్లో దిగింది.

"తాళముందంటే ఇంకా ఆస్పత్రిలోనే ఉంచినారన్నమాట" అన్నాడు మోహనకృష్ణ.

అంతలో సందు మలుపు తిరిగి, చేపల సంచితో సాక్షాత్తూ ఎల్లాజీయే వచ్చాడు. గుంపును, దండను, పెట్టెను చూశాడు. సంచి జారిపోయింది.

"తవిటా! గుడికని ఎల్లినావు కదే! ఏటైపోనావే!" అంటూ పెట్టె మీద పడి భోరుమన్నాడు.

చచ్చినవాడు ఏడవడం గంగాధరరావు ఎన్నడూ చూడలేదు. "నరసింహా!" అని అరిచి, గొడుగు విప్పి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడే తవిటమ్మ కొబ్బరిచిప్పతో గుడి నుంచి వచ్చింది. "ఏటి మావా, ఎవులి కోసం ఏడుత్తన్నావ్?"

"నీకోసమే!" అని తలెత్తి చూసి, ఎల్లాజీ నోరు తెరిచాడు. "మరయితే సచ్చిందెవులు?"

"నువ్వే" అంది గొడుగు చాటునుంచి గొంతు. "నిష్క్రమించావని ఫోను చెప్పింది, బావా."

"ఓలమ్మో! గ్రూపులోంచి బయటికొచ్చాను గానీ భూమ్మీదనుంచి కాదు! పొద్దున లేత్తే నువ్వెట్టే దేవుడి బొమ్మల్తో ఫోను నిండిపోతంది. సెప్తే బాధపడతావని సడీసప్పుడు లేకుండా ఎల్లిపోదామనుకున్నాను. దారిలో సార్జింగ్ అయిపోనాది."

"పెట్టె వెనక్కి తీసుకెళ్లిపోమంటారా?" అన్నాడు వ్యాను డ్రైవరు.

"ఎలాగూ వచ్చింది కదా, కాసేపు ఈ సేపలెట్టండి" అంది తవిటమ్మ, కింద పడ్డ సంచి ఎత్తుకుంటూ.

గంగాధరరావు గొడుగు మడిచి ఎల్లాజీ చేతిలో పెట్టాడు. "ఇది నీది, బావా. ఆనాటి వానది."

"నీ కాడుందా? పారేసుకున్నానని మాయావిడ ఇన్నేళ్లూ నన్ను తిడతంది!"

ఎద్దు జన్మ తప్పినందుకు గంగాధరరావు అక్కడే నిలబడి సింహాచలం వైపు తిరిగి దండం పెట్టాడు. అప్పన్న బొమ్మ మాత్రం ఆ రోజు ఎవరికీ పంపలేదు.